అమ్మమ్మ కాసుల పేరు ఎంత పలుకుతుంది?

'యాంటిక్' అనే మాటకి బంగారం కొట్లో రెండు అర్థాలున్నాయి. మనం కొనడానికి వెళ్తే యాంటిక్ అంటే కాస్త నల్లబరిచి, మెరుపు తగ్గించి, లక్ష్మీదేవినో నెమలినో చెక్కిన సరికొత్త నగ. పోయిన నెల తయారైనదే. దానికి తరుగు, మజూరీ కలిపి ఇరవై శాతం పైన వేసిన బిల్లులు నేను చూశాను. అదే కొట్టుకి నిజంగా డెబ్భై ఏళ్ల కిందటి నగ పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టండి. అప్పుడది యాంటిక్ కాదు, 'ఓల్డ్ గోల్డ్'. అంటే తుక్కు. పాత ఇనప సామాన్లవాడు తూకం వేసినట్టే వేస్తారు. కాకపోతే ఇక్కడ ఏసీ ఉంటుంది, కూల్‌డ్రింక్ ఇస్తారు.

ఇదంతా నాకు పోయిన ఏడాది మా పెద్దమ్మ వల్ల తెలిసింది. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నా. ఊరి పేరు రాయకూడదన్నది ఆవిడ షరతు. గుంటూరు వైపు అనుకోండి, చాలు.

పెదనాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన ఉన్నప్పుడు ఎవరికీ తెలియని బాకీలు, పోయాక ఒక్కొక్కటే గుమ్మంలోకి వచ్చాయి. కొన్ని ప్రామిసరీ నోట్లు, కొన్ని వట్టి నోటి మాట చేబదుళ్లు. అన్నీ కలిపి 5,80,000. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. పెద్దమ్మకి ఒకటే పట్టుదల: సంవత్సరీకం పెట్టేలోపు ఒక్క బాకీ కూడా మిగలకూడదు, భోజనానికి వచ్చినవాళ్లలో ఒక్కడు కూడా 'మనకివ్వాల్సింది' అనుకుంటూ విస్తరి ముందు కూర్చోకూడదు. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి చెప్పడం ఇష్టం లేదు. "వాడు మొన్నే ఇల్లు కొన్నాడే. తండ్రి పోయిన దుఃఖం చాలదా, తండ్రి అప్పులు కూడా చెప్పాలా?" అంది.

ఆవిడ దగ్గరున్నవి అమ్మమ్మ నుంచి వచ్చిన మూడు వస్తువులు. ఒక కాసుల పేరు, ఒక జత అరవంకీలు, ముత్యాల పేర్లకి వేలాడే కెంపుల పతకం. "నువ్వు కంప్యూటర్లో లెక్కలు చూస్తావుగా, ఇదీ చూసిపెట్టు తల్లీ" అని నాకు అప్పజెప్పింది. కంప్యూటర్లో నేను చూసేది వేరే లెక్కలని ఆవిడకి ఎప్పటికీ చెప్పలేను.

నా మొదటి సలహా అమ్మొద్దనే. గోల్డ్ లోన్ తీసుకుంటే బ్యాంకులో వడ్డీ ఈ నూటికి రెండులో సగం కూడా ఉండదు, నగ మనదిగానే ఉంటుంది. పైగా రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో కొత్త ఆదేశాలిచ్చింది, 2026 ఏప్రిల్ 1 కల్లా అందరూ అమలు చేయాలని. వాటి ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పైతే నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వచ్చు, ఐదు లక్షల దాకా 80, ఆపైన 75. నగ పరీక్ష మన ఎదురుగానే చేయాలి. మొత్తం బరువెంత, రాళ్లకీ లక్కకీ ఎంత తీశారు, స్వచ్ఛత ఎంత అని కాగితం మీద రాసివ్వాలి. ఏడాదిలో తీర్చగల ఆదాయం ఉన్నవాళ్లకి ఇది మంచి దారి. పెద్దమ్మకి ఉన్నది పొలం మీద వచ్చే కౌలు. "ఒక బాకీ తీర్చడానికి ఇంకో బాకీయా?" అంది. ఆ కౌలు డబ్బుకి వడ్డీ కట్టుకుంటూ పోతే చివరికి వేలం నోటీసే వస్తుంది. ఆవిడ చెప్పిందే సరైన లెక్క.

మొదట ఒక పేరున్న షోరూముకి వెళ్లాం. కాసుల పేరు కాటా మీద పెడితే 84 గ్రాములు. కౌంటర్‌లో కుర్రాడు దాన్ని చేత్తో ఒకసారి ఊపి చూసి, "దారం, లక్క, రాళ్లు కలిపి 14 పోతుంది మేడమ్" అన్నాడు. ఊపితే ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. తర్వాత కాసు వెనక్కి తిప్పి, కొంకీ టంకం పెట్టిన చోట మెషిన్ కింద పెట్టాడు. 80 చూపించింది. మొత్తానికీ అదే వేశాడు. ఆ మీదట కరుగు తరుగు 3 శాతం.

లెక్క సులువుగా ఉండడానికి 24 కారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలని అనుకుందాం, మా అంకెల్ని కూడా దానికే సర్ది చెబుతున్నా. 84లోంచి 14 తీస్తే 70. అందులో 80 శాతం 56 గ్రాములు. 3 శాతం తీస్తే 54.32. అంటే 5,43,200. బాకీలకి చాలదు. వంకీలు కూడా పోవాలి. "వంకీలు కూడా తెచ్చారుగా అమ్మా, అవీ ఇవ్వండి, క్లోజ్ చేసేద్దాం" అన్నాడు. మా చేతిసంచి వాడు మాకంటే ముందే చూశాడు. మధ్యలో ఇంకో ప్రశ్న కూడా: "ఇంట్లో మగవాళ్లు ఎవరూ రాలేదా?"

ఇక్కడ ఒక్క మాట. స్త్రీకి చెందిన ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. భర్త సంతకం, కొడుకు సంతకం ఏ కొట్టువాడూ అడగడానికి లేదు. అయితే తల్లి వీలునామా లేకుండా పోతే, ఆమె నగల్లో కొడుకులకీ కూతుళ్లకీ సమాన వాటా ఉంటుంది. 'బంగారం ఆడపిల్లలకి, పొలం మగపిల్లలకి' అన్నది మన ఇళ్లలో అలవాటే గానీ చట్టం కాదు. అందుకని అమ్మకానికి ముందే అమ్మతోనూ మావయ్యతోనూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టించాను, ఈ మూడు వస్తువులూ పెద్దక్క వాటాకి వచ్చినవని. ఎందుకని మావయ్య అడగలేదు. అడగలేదంటే తెలిసే ఉంటుంది. ఈ కాగితం, ఆధార్, పాన్ కార్డు ఉంటే చాలు, పాత నగకి బిల్లు లేదని ఎవరూ దొంగని చూసినట్టు చూడక్కర్లేదు. హాల్‌మార్క్ గురించి కూడా కంగారు పడొద్దు. హాల్‌మార్క్, ఆరు అక్షరాల హెచ్‌యూఐడి లేకుండా నగ అమ్మకూడదన్న నిబంధన కొట్లవాళ్లకి. మన ఇంట్లో పాత నగని మనం కొట్లో అమ్ముకోవడానికి అది అడ్డు కాదు.

రెండో కొట్టు ఇంకా మర్యాదగా ఉంది. "వంద శాతం వాల్యూ ఇస్తాం, తరుగు సున్నా. కానీ డబ్బుగా కాదు, ఎక్స్ఛేంజ్" అన్నారు. వినడానికి బావుంటుంది. కొత్త నగ మీద 18 శాతం మజూరీ వేసి, ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ కడితే, గ్రాము 10,000 బంగారం మనకి పడేది 12,154. అంటే నూరు గ్రాములు ఇస్తే చేతికొచ్చేది 82 గ్రాములు. మిగతా 18 గ్రాములు 'సున్నా తరుగు'లో ఎక్కడ పోయాయో అడగకూడదన్నమాట. నిజంగా కొత్త నగ కావాల్సినవాళ్లకి ఇందులో నష్టం లేదు. ఎలాగూ ఆ మజూరీ కట్టేవాళ్లే. డబ్బు కావాల్సినవాళ్లు మాత్రం ఈ మాట వినగానే లేచి రావచ్చు.

ఆ రాత్రి ఎక్సెల్ షీట్ తెరిచి కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. ధర ఒకటే అంకె కాదు. నికర బరువు, స్వచ్ఛత, ఆ రోజు రేటు, ఆపైన కోత. ఈ నాలుగింటినీ గుణిస్తే వచ్చేదే ధర. కొట్టువాడు నాలుగో అంకె ఒక్కటే మనతో బేరమాడతాడు. "మీ కోసం 3 శాతం కాదు, 2 శాతం" అని ఉదారంగా తగ్గిస్తాడు. అసలు డబ్బంతా మొదటి రెండింట్లో పోతుంది, వాటి గురించి మనం నోరెత్తం. ఊపి చూసి చెప్పిన ఆ 14 గ్రాములు, టంకం మీద చూసిన ఆ 80. రేటు గురించి గొడవ పడక్కర్లేదు, అది రోజూ పేపర్లో వస్తుంది. కాకపోతే కొట్టు గోడ మీద రాసేది వాళ్లు అమ్మే రేటు. కొనే రేటు ఎంతని విడిగా అడగాలి.

అందుకని ఈసారి వెళ్లింది కొట్టుకి కాదు, హాల్‌మార్కింగ్ సెంటర్‌కి. బీఐఎస్ గుర్తింపు ఉన్న ఈ పరీక్షా కేంద్రాలు మామూలు మనుషుల నగలు కూడా పరీక్షిస్తాయని చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు ఫీజు. దానికి ముందు మా ఊరి ఆచారిగారి దగ్గర కూర్చుని కాసుల పేరు విప్పించాం. పట్టుదారం తీశారు, రెండు చివర్ల గుండ్లలో నింపిన లక్క వేడిచేసి రాల్చారు, కొలికి దగ్గరున్న నాలుగు రాళ్లు ఊడదీసి పొట్లం కట్టి పెద్దమ్మ చేతిలో పెట్టారు. మిగిలింది 76 గ్రాములు. పోయింది ఎనిమిది, పధ్నాలుగు కాదు. ఆచారిగారు ఆ పనికి తీసుకున్నది మూడొందలు.

పరీక్షలో కాసులు 91 పైన చూపించాయి. వెనక కొంకీల టంకం దగ్గర తక్కువ, కొలికి ఇంకా తక్కువ. పాత నగలన్నీ ఇంతే. టంకం పట్టాలంటే తొందరగా కరిగే లోహం కలపాలి కాబట్టి అతుకుల దగ్గర స్వచ్ఛత తగ్గుతుంది. మెషిన్ చూసేది పైపొర మాత్రమే, అదీ మనం పెట్టిన చోట మాత్రమే. కొనేవాడు అతుకు మీద పెడతాడు, అమ్మేవాళ్లు కాసు మీద పెట్టమంటారు. నిజం రెండింటి మధ్యలో ఉంటుంది, కరిగిస్తే గానీ కచ్చితంగా బయటపడదు.

వంకీల దగ్గర కథ మలుపు తిరిగింది. ఎక్కడ పెట్టినా 58, 59. అంటే 14 కారెట్లు. పెద్దమ్మ మొహం మాడిపోయింది. "మా అమ్మ చచ్చిపోయేదాకా ఆ ఆచారిని తిట్టిందే, వంకీలు నల్లబడుతున్నాయి, కల్తీ చేశాడని. నిజమేనన్నమాట" అంది. ఎప్పుడు చేయించారని అడిగితే, మావయ్య పుట్టిన ఏడాది, 1964 అని చెప్పింది.

1963లో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకద్రవ్యం కటకటగా ఉన్న రోజులు. బంగారం మోజు తగ్గించాలని, 14 కారెట్లకి మించి నగలు చేయకూడదన్నారు. దేశమంతటా స్వర్ణకారులు పని లేక రోడ్డున పడ్డారు. కొన్నేళ్లకి ఆ కట్టడి సడలించారు, 1968లో వచ్చిన బంగారం నియంత్రణ చట్టాన్నయితే 1990లో గానీ ఎత్తేయలేదు. అంటే 1964లో 14 కారెట్ల వంకీలు చేసిన ఆచారి చట్టం చెప్పినట్టు చేశాడు. చాటుగా 22 కారెట్లు చేసినవాళ్లే నేరస్తులు. 'పాత బంగారం మేలిమి బంగారం' అనే మాటని నమ్ముకున్నవాళ్లు ఆ నాలుగైదేళ్లలో చేయించిన నగలుంటే ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఎవర్నయినా తిట్టుకుంటున్నారేమో, ఆ విషయం కూడా తేలిపోతుంది.

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన కూతురు మన వీధిలోనే ఉంటుంది" అంది. అంతే.

సరే, కాసుల పేరు. దీనికి బంగారం ధర కాకుండా పాతదనానికి విడిగా విలువ కట్టేవాళ్లు ఉన్నారా అని వారం రోజులు తిరిగాను. ఉన్నారు గానీ అన్నిటికీ కాదు. పాత నగకి మూడు రకాల విలువలుంటాయి: లోహానిది, రాళ్లదీ ముత్యాలదీ, పనితనానిది. కొట్టువాడు మొదటిది ఒక్కటే ఇస్తాడు. మిగతా రెండూ కావాలంటే నగని నగలాగే కొనేవాళ్లు దొరకాలి. పాత నగల వ్యాపారులు, లేదా ముంబైలో శాఫ్రనార్ట్, అస్తాగురు లాంటి వేలం సంస్థలు. వాళ్లు చూసేది అరుదైన పనితనం, చెక్కుచెదరని స్థితి, మంచి రాళ్లు, సహజ ముత్యాలు, ఏ ఇంటిదో చెప్పగల చరిత్ర. మన ఇంట్లో ఉన్నది మనకి అపురూపం, మార్కెట్లో మాత్రం కాసుల పేర్లు కొల్లలు. ఒక వ్యాపారి మా ఫొటోలు చూసి మొహమాటం లేకుండా చెప్పాడు, "ఇది కరగాల్సిందే మేడమ్. రాణి బొమ్మున్న అసలు సవరన్లైతే వేరు" అని. ఇంగ్లండు సవరను 7.98 గ్రాములు ఉంటుంది, 22 కారెట్లు, సేకరించేవాళ్లు బంగారం ధర మీద కాస్త ఎక్కువిచ్చి కొంటారు. దానిక్కూడా కొంకీ టంకం పెట్టేశాక ఆ అదనపు విలువ చాలామటుకు పోతుంది. మావి పల్చటి లక్ష్మీకాసులు. నాకు ఆ వ్యాపారి నచ్చాడు. ఆశపెట్టలేదు.

ఇంకో దారి కూడా ఉంది, నా ఉద్దేశంలో అన్నిటికన్నా మంచిది. బంధువుల్లోనే పెళ్లి పెట్టుకున్నవాళ్లకి అమ్మడం. వాళ్లు షోరూములో మజూరీ, జీఎస్టీ కలిపి ఇరవై శాతం పైగా ఎక్కువ కట్టబోతారు, మనం కొట్లో కోత పెట్టించుకోబోతాం. మధ్యలో ఒక ధరకి వస్తే ఇద్దరికీ లాభం, నగ కరగదు. ఇది చెప్పగానే పెద్దమ్మ అడ్డంగా తలూపింది. "ఎందుకు అమ్మావని అడుగుతారు. ఆ తర్వాత ఊరంతా చెబుతారు." లెక్కల్లో ఇది దొరకదు, కానీ దీని ఖరీదు ఆవిడకి తెలుసు, కట్టడానికి సిద్ధపడింది.

చివరికి అమ్మింది సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో, ఒక చిన్న కొట్లో. అంతకుముందు అదే రోజు, అదే మాటలతో, మూడు చోట్ల అడిగాం. ఎందుకు అమ్ముతున్నామో ఎక్కడా చెప్పలేదు. చెబితే సానుభూతి వస్తుంది గానీ రేటు రాదు. పరీక్ష కాగితం ముందు పెట్టి, నేను అడిగింది ఒకటే: కరిగించక ముందే లెక్క ఎలా కడతారో రాసివ్వండి. మూస కుంపట్లోకి వెళ్లాక బేరానికి మన దగ్గర ఏమీ మిగలదు, కరిగిన ముద్దని తిరిగి కాసుల పేరు చేయలేం కదా. ఇద్దరు నవ్వి వేరే పని చూసుకున్నారు. మూడో ఆయన ఒక చీటీ మీద రాసిచ్చాడు: కరిగించాక వచ్చిన టచ్ ప్రకారం, కరుగు తరుగు 1 శాతం, ఆ రోజు 24 కారెట్ల రేటులో 98 శాతం.

అద్దం అవతల కరిగించారు. పెద్దమ్మ చూడనంటుందేమో అనుకున్నా, చివరిదాకా నిలబడి చూసింది. ముద్ద చల్లారాక పరీక్షిస్తే 87. ఇక లెక్క: 76లో 87 శాతం, 66.12 గ్రాములు. 1 శాతం తీస్తే 65.46. గ్రాము 9,800 చొప్పున దాదాపు 6,41,500. మొదటి షోరూము చెప్పినదానికి ఇప్పటికి మధ్య 98,000 పైన తేడా. నగ అదే, గ్రాము రేటు కూడా అదే వేసుకున్నాం. తేడా వచ్చింది బరువులోనూ టచ్‌లోనూ.

డబ్బు బ్యాంకు ఖాతాలోకే వచ్చింది. అలాగే తీసుకోవాలి కూడా. ఒకరి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే, తీసుకున్నవాళ్లకే అంత మొత్తం జరిమానా పడచ్చు. 'చెక్కు అయితే ఒక రేటు, క్యాష్ అయితే ఇంకొంచెం ఎక్కువ' అనేవాళ్లుంటారు. ఆ కొంచెం కోసం కక్కుర్తి పడొద్దు.

పన్ను సంగతి చాలామంది దాటేస్తారు, నేను దాటేయను. తల్లి నుంచి నగ వచ్చినప్పుడు పన్ను లేదు. అమ్మినప్పుడు మాత్రం మూలధన లాభం మీద ఉంటుంది. ఎంతకి కొన్నారో తెలియని పాత నగకి, 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. అప్పట్లో పది గ్రాములు 4,300 చుట్టుపక్కల ఉండేది కాబట్టి మాకు అది 28,000 చిల్లర. తల్లి దగ్గరున్న కాలం కూడా మన ఖాతాలోకే వస్తుంది కాబట్టి దీర్ఘకాలిక లాభమే. 2024 జులై 23 నుంచి రేటు 12.5 శాతం, ద్రవ్యోల్బణం సర్దుబాటు లేదు. పెద్దమ్మకి పన్ను పడే వేరే ఆదాయం లేదు, కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా ఉన్న మినహాయింపుని ఈ లాభంలోంచి తీసుకోవచ్చు. మిగతాదాని మీద సెస్సుతో కలిపి 27,000 పైచిలుకు వచ్చింది. దేశంలో ఉండేవాళ్లకే ఈ సర్దుబాటు, ఎన్‌ఆర్‌ఐలకి లేదు. వీలున్నవాళ్లు కొంత మార్చిలో, కొంత ఏప్రిల్‌లో అమ్మితే రెండేళ్ల మినహాయింపులూ వాడుకోవచ్చు. మా తిథి నవంబర్‌లో, అంత ఆగే వీల్లేదు. ఇంకోటి: 'పెళ్లైన ఆడవాళ్లకి 500 గ్రాముల దాకా పన్ను లేదు' అని వాట్సాప్‌లో తిరిగేది వేరే విషయం. అది ఐటీ సోదాల్లో అంతవరకు జప్తు చేయొద్దని 1994లో ఇచ్చిన సర్క్యులర్. అమ్మకానికీ దానికీ సంబంధం లేదు.

పన్ను పోగా 6,14,000 దగ్గర మిగిలింది. 5,80,000 బాకీలు తీరాయి. నోట్లు వెనక్కి తీసుకుని, సంతకం ఉన్న చోట చింపించి, పెద్దమ్మ ఒక్కొక్కటీ దగ్గరుండి పొయ్యిలో వేసింది. చేబదుళ్లవాళ్ల దగ్గర కాగితమే లేదు కాబట్టి, ముట్టినట్టు ఒక నోట్‌బుక్‌లో నేనే సంతకాలు పెట్టించా. మిగిలిన ముప్ఫై చిల్లర వేలు సంవత్సరీకం భోజనాలకి. వంకీలు బీరువాలోకి వెళ్లాయి.

ఇక పతకం. ఇది పెద్దమ్మ అమ్మమ్మది, వందేళ్లు దాటే ఉంటుంది. న్యూజెర్సీలో ఉన్న నా కాలేజీ స్నేహితురాలు, "వచ్చినప్పుడు నాతో తీసుకొస్తా, ఇక్కడ వేలంలో మంచి రేటొస్తుంది" అంది. కుదరదు. వందేళ్లు నిండిన కళావస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద 'పురావస్తువు' అవుతాయి, మామూలు మనుషులు వాటిని దేశం దాటించడం నేరం. మెళ్లో వేసుకుని వెళ్లినా అంతే. నిజాం నగలదీ ఇదే పేచీ. ట్రస్టు అమ్ముకోవాలనుకుంది, బయటి దేశాల్లో వేలానికి పెడితే ఎంతో ఎక్కువ వచ్చేది, కానీ దేశం దాటించే వీలు లేదు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 1995లో జాకబ్ వజ్రంతో సహా 173 నగల్ని 218 కోట్లకి భారత ప్రభుత్వమే కొనుక్కుంది. నిజాముకే తప్పలేదు, మనమెంత.

పతకాన్ని ఒక రత్నపరీక్షకుడికి చూపించాను. కెంపుల్లో మూడు కృత్రిమం అని భూతద్దంలో చూడగానే చెప్పాడు. లోపల వంపు తిరిగిన గీతలున్నాయి, సహజ కెంపులో గీతలు తిన్నగా ఉంటాయట. కృత్రిమ కెంపులు చేసే పద్ధతిని ఫ్రాన్స్‌లో వెర్నూయ్ అనే ఆయన 1902లోనే ప్రకటించాడు, ఆ తర్వాత అవి మన దేశానికీ బోలెడు వచ్చాయి. పాతది కాబట్టి బర్మా కెంపే అనుకోవడానికి లేదు. మధ్యలో ఎప్పుడో రాలిపోతే పొదిగించి ఉంటారు. పెద్దమ్మ అస్సలు బాధపడలేదు. "ఆ మూడే బాగా మెరిసేవి" అంది.

ముత్యాలు చూసి మాత్రం ఆయన కాసేపు మాట్లాడలేదు. పెంపకపు ముత్యాలు మార్కెట్లోకి పెద్ద ఎత్తున వచ్చింది 1920ల నుంచి. అంతకుముందువైతే పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చిన సహజ ముత్యాలు అయ్యుండే అవకాశం ఎక్కువ. మన హైదరాబాద్‌లో 'బస్రా ముత్యాలు' అనేవి అవే. అవునో కాదో కంటితో తేలదు. ల్యాబులో ఎక్స్‌రే తీసి లోపలి పొరలు చూడాలి. షోరూములో ఇదే పతకాన్ని తూకం వేసినప్పుడు, ముత్యాల్ని 'మైనస్' అని కాలిక్యులేటర్‌లో కొట్టేశారు.

ఒక పేరుని ల్యాబుకి పంపాం. పెద్దమ్మ రోజూ ఫోన్ చేసి అడుగుతోంది, అమ్మడానికి కాదట, తెలుసుకోవడానికట. రిపోర్టు ఇంకా రాలేదు.